నాయకుడి మనస్సుకు తెరపై వైద్యపరీక్ష: 'అన్‌ఫిట్' డాక్యుమెంటరీపై చర్చ

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. డొనాల్డ్ ట్రంప్ మనస్తత్వాన్ని పరిశీలిస్తూ డాన్ పార్ట్‌లాండ్ దర్శకత్వంలో 2020లో, అమెరికా అధ్యక్ష ఎన్నికలకు కొన్ని వారాల ముందు విడుదలైన 'అన్‌ఫిట్' అనే డాక్యుమెంటరీని మనలో కొందరం ఈ మధ్య కలసి చూశాం. చూసి బయటికి వచ్చిన తరువాత అందరూ ట్రంప్ గురించే మాట్లాడారు గాని, చిత్రం ఎలా వాదించింది, ఆ వాదన నిలుస్తుందా అన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ పని ఇక్కడ చేద్దామని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను.

చూడనివారి కోసం రెండు మాటలు. జాన్ గార్ట్‌నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ చిత్రానికి వెన్నెముక. మనోవిశ్లేషకుడు ఎరిక్ ఫ్రామ్ 1964లో వాడుకలోకి తెచ్చిన 'మాలిగ్నెంట్ నార్సిసిజం' అనే భావనను ఆయన ట్రంప్‌కు అన్వయిస్తారు. తనను మించినవాడు లేడనే స్వాతిశయం, అందరూ తనపై కుట్ర పన్నుతున్నారనే అనుమానం, నియమాలను లెక్కచేయని సంఘవ్యతిరేక ధోరణి, ఎదుటివారిని బాధించడంలో తృప్తి అనే నాలుగు లక్షణాలు ఒకే మనిషిలో కలిస్తే అది ప్రమాదకరమని ఆయన వాదన. న్యాయవాది జార్జ్ కాన్వే, శ్వేతసౌధంలో 2017లో పదకొండు రోజులు మాత్రమే కొలువు చేసిన ఆంథొనీ స్కారమూచి వంటివారు తమ అనుభవాలు చెబుతారు. చివరికి చిత్రం యూరప్ ఫాసిస్టు నాయకులతో పోలికల దాకా వెళుతుంది.

నా ప్రశ్న ఒక్కటే. ఎదుట కూర్చోబెట్టుకొని ఒక్క మాట కూడా అడగని మనిషికి వైద్య పరిభాషలో పేరు పెట్టడం న్యాయమేనా? మన రాష్ట్ర పార్టీల సంగతులను దయచేసి ఇక్కడికి తీసుకురావద్దు. వాటికి ఈ వేదికలో వేరే చోటు ఉంది, అక్కడ కావలసినంత వేడి కూడా ఉంది.

నిదానం (కాకినాడ)

నేను వృత్తిరీత్యా మనోవైద్యుణ్ణి కనుక ఈ ప్రశ్నకు మా వృత్తి చరిత్రలోనే ఉన్న ఒక పెద్ద దెబ్బ గురించి ముందుగా చెప్పాలి. 1964 అమెరికా ఎన్నికలలో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్. రాల్ఫ్ గింజ్‌బర్గ్ నడిపిన 'ఫ్యాక్ట్' అనే పత్రిక దేశంలోని 12,356 మంది మనోవైద్యులకు ఉత్తరాలు వ్రాసి, ఈయన అధ్యక్ష పదవికి మానసికంగా తగినవాడేనా అని అడిగింది. 2,417 మంది జవాబు ఇచ్చారు. వారిలో 1,189 మంది తగడని, 657 మంది తగునని అన్నారు. తమకు తెలిసినది చాలదని చెప్పినవారు 571 మంది మాత్రమే. నా దృష్టిలో ఆ 571 మందే వైద్యులుగా మాట్లాడారు. 1,189 అనే అంకెను పత్రిక ముఖచిత్రం మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. లోపలి పేజీలలో గోల్డ్‌వాటర్‌ను ఎన్నడూ చూడని వైద్యులు ఆయన బాల్యం గురించి, పురుషత్వం గురించి, హిట్లర్‌తో పోలికల గురించి తోచినట్లు వ్రాశారు.

గోల్డ్‌వాటర్ ఎన్నికలో చిత్తుగా ఓడిపోయారు గాని పరువునష్టం దావాలో గెలిచారు. 1968లో జ్యూరీ ఆయనకు నష్టపరిహారం కింద ఒక్క డాలరు, శిక్షాత్మక పరిహారం కింద 75,000 డాలర్లు ఇప్పించింది. సుప్రీంకోర్టు 1970లో అప్పీలును విచారణకు స్వీకరించలేదు. ఆ అవమానం తరువాత, 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఒక నియమం పెట్టుకుంది: స్వయంగా పరీక్షించకుండా, ఆ వ్యక్తి అనుమతి లేకుండా ఏ ప్రముఖుడి గురించీ మనోవైద్యుడు వృత్తిపరమైన అభిప్రాయం బహిరంగంగా ప్రకటించకూడదు. లోకం దానిని గోల్డ్‌వాటర్ నియమం అంటుంది. 2017 మార్చిలో ఆ సంఘం దానిని మళ్లీ ధ్రువీకరించి, మరింత బిగించింది కూడా.

'అన్‌ఫిట్' చిత్రం ఈ నియమాన్ని దాచలేదు. అది గౌరవించదగిన సంగతే. కాని దానిని దాటవలసిన అడ్డంకిగా చూపింది తప్ప, అది ఎందుకు పుట్టిందో నిలబడి ఆలోచించలేదు. ఇంకొక సంగతి కూడా గమనించండి. గార్ట్‌నర్ మనోవైద్యుడు కారు, మనస్తత్వ శాస్త్రవేత్త. ఆ నియమం నేరుగా కట్టడి చేసేది సైకియాట్రిక్ అసోసియేషన్ సభ్యులను మాత్రమే. తెరపై వరుసగా కనబడే నిపుణులలో ఎవరు ఏ వృత్తివారో, ఎవరిని ఏ నియమం బంధిస్తుందో ప్రేక్షకుడికి విడమరచి చెప్పి ఉండవలసింది.

ఏటిగట్టు (రావులపాలెం)

డాక్టరు గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. 1964 నాటి వైద్యుల చేతిలో ఉన్నది వార్తాపత్రికల కత్తిరింపులు. ఇప్పటి నాయకుడి విషయంలో కొన్ని దశాబ్దాల వీడియోలు, వేల కొద్దీ ట్వీట్లు, కోర్టు రికార్డులు, దగ్గరగా పనిచేసినవారి సాక్ష్యాలు ఉన్నాయి. గార్ట్‌నర్ చిత్రంలో లేవనెత్తే వాదనకు మీరు జవాబు చెప్పలేదు. అబద్ధాలు ఆడటమే ఒక లక్షణమైన మనిషిని గదిలో కూర్చోబెట్టి గంటసేపు ప్రశ్నలు అడిగితే వచ్చేది ఏమిటి? అటువంటి వ్యక్తిత్వ దోషాలను గుర్తించడానికి ముఖాముఖి కంటే ఏళ్ల తరబడి బయట కనబడిన నడతే గట్టి ఆధారం అని ఆయన అంటున్నారు. మా ఊళ్లో పెళ్లిసంబంధం వచ్చినప్పుడు కూడా పిల్లవాడిని అడిగి ఊరుకోరు. వాడు చదివిన ఊరికి, పనిచేసిన ఊరికి వెళ్లి వాకబు చేస్తారు.

పైగా అది అణ్వాయుధాల మీద అధికారం ఉన్న పదవి. ప్రమాదం ఉందని తెలిసిన నిపుణుడు నియమం పేరు చెప్పి నోరు మూసుకుంటే, ఆ మౌనం కూడా ఒక రాజకీయమే కదా?

నిదానం (కాకినాడ)

ఏటిగట్టు గారూ, వాకబు చేయడాన్ని నేను కాదనడం లేదు. వాకబు చేసినవారు పిల్లవాడు కోపిష్టి అని చెబుతారు, అప్పులపాలయ్యాడని చెబుతారు. జబ్బు పేరు చెప్పరు. నా అభ్యంతరం అంతా ఆ చివరి అడుగు మీదనే.

మీరు చివర అన్నదానినే 'హెచ్చరించే బాధ్యత' అంటారు. ఆ మాటను గార్ట్‌నర్ వర్గం 1976 నాటి కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు నుంచి తెచ్చుకున్నది. టారసాఫ్ కేసుగా పేరుపడిన ఆ వ్యవహారంలో ఒక రోగి, తాను ఫలానా యువతిని చంపుతానని తన చికిత్సకుడికి చెప్పాడు. ఆ తరువాత చంపాడు. ప్రమాదంలో ఉన్న వ్యక్తిని కాపాడవలసిన బాధ్యత చికిత్సకుడికి ఉందని కోర్టు చెప్పింది. అక్కడ రోగి ఉన్నాడు, చికిత్సకుడు ఉన్నాడు, నాలుగు గోడల మధ్య మరెవరికీ తెలియని సమాచారం ఉంది. టెలివిజన్‌లో కోట్లమంది చూసిన దానినే తానూ చూసిన వైద్యుడికి హెచ్చరించవలసిన రహస్యం ఏముంది?

ఇక జబ్బు పేరు సంగతి. అమెరికా మనోవైద్యుల రోగనిర్ధారణ గ్రంథం నాలుగవ కూర్పుకు సారథ్యం వహించిన ఆలెన్ ఫ్రాన్సిస్, నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్, అంటే మితిమీరిన స్వాతిశయం అనే వ్యక్తిత్వ రుగ్మత లక్షణాలను తానే వ్రాసినవాడు. ఆయన 2017 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రికకు లేఖ వ్రాసి, ట్రంప్‌కు ఆ రోగం ఉన్నదనడం తప్పు అన్నారు. రోగం అనాలంటే ఆ స్వభావం వల్ల ఆ మనిషి బాధపడాలి, లేదా అతని జీవితం దెబ్బతినాలి. ఈయన విషయంలో బాధ పడుతున్నది ఇతరులు. ఆయనకు ఆ స్వభావమే డబ్బు, పేరు, పదవి తెచ్చిపెట్టింది. ఫ్రాన్సిస్ ట్రంప్ అభిమాని కారు, తీవ్ర విమర్శకుడు. ఆ విమర్శను రాజకీయ విమర్శగానే చేయాలని ఆయన పట్టుదల.

తెరచాటు (భీమవరం)

వైద్యం సంగతి నాకు తెలియదు. చిత్రనిర్మాణం వైపు నుంచి చెబుతాను. కెమెరా ఎదుట లేని మనిషిని గురించి తీసే డాక్యుమెంటరీకి రెండే ముడిసరుకులు ఉంటాయి: అతని గురించి మాట్లాడేవారి ముఖాలు, అతని పాత దృశ్యాలు. నిపుణుడు ముందుగా ఒక లక్షణం పేరు చెబుతాడు, వెంటనే ఆ లక్షణానికి సరిపోయే క్లిప్పు పడుతుంది. పది క్షణాల ఆ క్లిప్పుకు ముందు ఏమి జరిగిందో, తరువాత ఏమి జరిగిందో మనకు తెలియదు. ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చున్నవారికి ఇది చిన్నపాటి విద్య. ఏ నాయకుడి ముప్పై ఏళ్ల దృశ్యాలనైనా నాకు ఇచ్చి ఏ లక్షణం చెప్పినా, దానికి తగిన ఇరవై ముక్కలు ఏరి తేగలను. శాంతమూర్తి అని చెప్పినా తేగలను. అందుచేత ఈ పద్ధతిలో క్లిప్పు రుజువు కాదు, చెప్పిన మాటకు బొమ్మ మాత్రమే. 'అన్‌ఫిట్' చిత్రంలో సంగీతం కూడా మనం ఎక్కడ భయపడాలో ముందే చెప్పేస్తుంది.

దీని పక్కన ఎరోల్ మోరిస్ 2003లో తీసిన 'ది ఫాగ్ ఆఫ్ వార్' చిత్రాన్ని పెట్టి చూడండి. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా రక్షణ మంత్రిగా ఉన్న రాబర్ట్ మెక్‌నమారా, ఎనభై అయిదేళ్ల వయస్సులో కెమెరా ముందు కూర్చుని మాట్లాడతారు. మోరిస్ తాను రూపొందించుకున్న ఇంటరోట్రాన్ అనే పరికరాన్ని వాడతారు. కెమెరా కటకం ముందు అమర్చిన అద్దంలో ప్రశ్నించేవారి ముఖం కనబడుతుంది కనుక, జవాబు చెప్పేవాడు నేరుగా మన కళ్లలోకి చూస్తున్నట్లు ఉంటుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో టోక్యో మీద ఒక్క రాత్రి జరిపిన అగ్నిబాంబుల దాడిలో లక్షమంది పౌరులు చనిపోయిన ఘటనలో తన పాత్ర గురించి ఆయన చెబుతారు. తాము యుద్ధంలో ఓడిపోయి ఉంటే యుద్ధనేరస్థులుగా విచారణకు నిలబడవలసి వచ్చేదని కూడా ఆయనే అంటారు. కాని వియత్నాం దగ్గరకు వచ్చేసరికి, బాధ్యత ఎవరిదని అడిగితే, మాట తప్పించుకుంటారు. ఆ తప్పించుకోవడంలో ఒక మనస్సు పనిచేసే తీరు మనకు కనబడుతుంది. ఏ నిపుణుడూ వచ్చి దానికి పేరు పెట్టడు. ఆ చిత్రానికి ఆస్కార్ బహుమతి వచ్చింది గాని, నేను దానిని ఎత్తుకున్నది అందుకు కాదు.

మోరిస్ ఇదే పద్ధతిని 2013లో మరొక రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ మీద ప్రయోగించారు. ఆయన చిరునవ్వు నవ్వుతూ ఏ ప్రశ్నకూ చిక్కలేదు. మనిషి ఎదుట ఉన్నంత మాత్రాన మనస్సు దొరుకుతుందని కూడా అనలేం.

పాలకొల్లు పాఠకురాలు

నేను ఎక్కువ వ్రాయను. మా ఇంట్లో దగ్గరి బంధువు ఒకరు చాలా ఏళ్లుగా బైపోలార్ వ్యాధికి మందులు వాడుతున్నారు. ఉద్యోగం చేస్తున్నారు, పిల్లల ఫీజులు కడుతున్నారు, ఎవరినీ పల్లెత్తు మాట అనరు. టీవీ చర్చలలో ఒక నాయకుణ్ణి తిట్టవలసి వచ్చినప్పుడల్లా "పిచ్చాసుపత్రిలో చేర్చాలి" అని నవ్వుతారే, ఆ నవ్వు వినబడేది నాయకుడికి కాదు, మా ఇంటి ముందుగదిలో కూర్చున్న ఆ మనిషికి. ఒకరి క్రూరత్వాన్ని, అబద్ధాన్ని జబ్బు అనేస్తే జబ్బు ఉన్నవారందరూ క్రూరులు, అబద్ధాలకోరులు అన్న అర్థం దానంతట అదే వచ్చి చేరుతుంది. ఆలెన్ ఫ్రాన్సిస్ కూడా ఆ లేఖలో ఇదే అన్నారని నేను చదివాను. డాక్టరు గారు ఆ ముక్క వదిలేశారు కనుక చెబుతున్నాను.

వశిష్ఠ వకీలు (నరసాపురం)

చట్టం దృష్టితో కొన్ని సంగతులు. మన రాజ్యాంగం 102వ అధికరణం పార్లమెంటు సభ్యులకు, 191వ అధికరణం శాసనసభ్యులకు అనర్హతలు చెబుతుంది. రెండింటిలోనూ మతిస్థిమితం లేకపోవడం ఒక అనర్హతే గాని, సమర్థమైన న్యాయస్థానం ఆ మేరకు ప్రకటించి ఉండాలి. పత్రిక చెబితే చాలదు, వైద్యుడు చెబితే చాలదు, ఎదుటి పార్టీ చెబితే అసలే చాలదు. అమెరికాలో 1967లో ఆమోదం పొందిన 25వ రాజ్యాంగ సవరణలోని నాలుగవ భాగం కూడా అధ్యక్షుడు విధులు నిర్వహించలేని స్థితిని తేల్చే పనిని ఉపాధ్యక్షుడికి, మంత్రివర్గానికి, అధ్యక్షుడు కాదంటే అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్‌కు అప్పగించింది. అందులో మనోవైద్యుడన్న మాటే లేదు.

మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, మూడవ సెక్షన్‌ను ఈ చర్చలో ఉన్నవారందరూ ఒకసారి చదవాలని నా మనవి. ఒక మనిషి రాజకీయ, ఆర్థిక, సామాజిక స్థాయిని బట్టి అతనికి మానసిక వ్యాధి ఉన్నదని నిర్ణయించరాదని అది స్పష్టంగా చెబుతుంది. ఇటువంటి వాక్యం చట్టంలోకి ఊరికే రాదు. సోవియట్ యూనియన్‌లో ప్రభుత్వాన్ని విమర్శించినవారికి 'నెమ్మదిగా పాకే స్కిజోఫ్రెనియా' అనే ముద్ర వేసి ఆసుపత్రులలో బంధించారు. సైన్యంలో మేజర్ జనరల్‌గా పనిచేసిన ప్యోత్ర్ గ్రిగొరెంకోను కూడా విడిచిపెట్టలేదు. ఆయన అమెరికా చేరిన తరువాత అక్కడి వైద్యులు పరీక్షించి ఏ జబ్బూ లేదని తేల్చారు. ఈ దుర్వినియోగం మీద ప్రపంచ మనోవైద్యుల సంఘంలో బహిష్కరణ తీర్మానం రాబోతుండగా సోవియట్ వైద్యుల సంఘం 1983లో దాని నుంచి తానే తప్పుకొంది. నాయకుడి మీద విసరడానికి ఈ రాయిని చేతికి ఇస్తే, రేపు నాయకుడు దానిని ఎవరి మీద విసురుతాడో ఏటిగట్టు గారు కూడా ఆలోచించాలి.

శివారు రైతు (అల్లవరం)

పెద్దలందరూ నాయకుడి మనస్సు గురించే మాట్లాడుతున్నారు. 2020లో ట్రంప్ ఓడిపోయిన ఎన్నికలోనే ఆయనకు 7 కోట్ల 40 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. 2024లో మళ్లీ గెలిచారు. అంతమందికి జబ్బు ఉందని ఏ డాక్టరూ అనలేరు కదా. మరి చిత్రం అంతసేపు ఒక్కడి తలలోకి తొంగిచూసి, ఓటు వేసినవాడి ఇంటికి ఎందుకు వెళ్లలేదు?

భయానికి, నాయకుడికి ఉన్న సంబంధాన్ని నేను కళ్లారా చూశాను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమను ఊడ్చిపెట్టిన తరువాత, సహాయ శిబిరాల దగ్గర నిదానంగా లెక్కలు వ్రాసుకునే అధికారి ఎవరికీ ఆనలేదు. గట్టిగా అరిచి పదిమందిని తిట్టినవాడే మనవాడు అనిపించాడు. తెచ్చిన బియ్యం ఎవరు ఎక్కువ తెచ్చారో అప్పుడు ఎవరూ చూడలేదు. అమెరికాలో 2001 సెప్టెంబరు దాడుల తరువాత మనస్తత్వ శాస్త్రవేత్త షెల్డన్ సాలమన్, ఆయన సహచరులు చేసిన ప్రయోగాలలో, చావును గుర్తు చేసిన వెంటనే అధ్యక్షుడు బుష్ పట్ల జనం మద్దతు పెరిగినట్లు తేలిందని ఎక్కడో చదివినప్పుడు నాకు ఆ శిబిరమే గుర్తుకు వచ్చింది.

ఇంకొక మాట. మా డెల్టాలో కాటన్ దొర విగ్రహం లేని ఊరు వెతకాలి. ఆయన మనస్సు ఎటువంటిదో, ఇంట్లో ఎలా ఉండేవాడో ఎవరికీ పట్టదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పట్టింది. నీటి సంఘం అధ్యక్షుణ్ణి కూడా మేము అలాగే చూస్తాం: శివారు చేనుకు నీరు ఎక్కిందా లేదా. ఎక్కకపోతే ఎందుకు ఎక్కలేదో అడగడానికి అతని చిన్నప్పటి సంగతులు అవసరం లేదు.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

రైతు గారి మాటలో చాలా సత్యం ఉంది గాని, చరిత్ర పాఠాలు చెప్పినవాడిగా నేను అంత తేలికగా మనస్సును పక్కన పెట్టలేను. నాయకుడి మనస్సును దూరం నుంచి చదివే ప్రయత్నాలలో మంచివీ ఉన్నాయి. 1943లో వాల్టర్ లాంగర్ అనే మనోవిశ్లేషకుడు అమెరికా గూఢచార విభాగం కోరిక మీద, హిట్లర్‌ను ఎరిగినవారిని విచారించి, ప్రసంగాలు చదివి ఒక నివేదిక తయారు చేశాడు. ఓటమి ముంచుకొస్తే హిట్లర్ ఆత్మహత్య చేసుకోవడానికే ఎక్కువ అవకాశం ఉందని అందులో వ్రాశాడు. 1945లో అదే జరిగింది. అదే నివేదికలో హిట్లర్ అంతరంగ జీవితం గురించి చేసిన ఊహలు చాలావరకు నేడు ఎవరూ నమ్మనివి. ఒకే చేతితో వ్రాసిన ఒకే నివేదికలో నడతను బట్టి చెప్పిన జోస్యం నిలిచింది, లోతులు తవ్విన రోగనిర్ధారణ నిలవలేదు.

మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ 1969లో గాంధీజీ మీద ప్రచురించిన గ్రంథం నాకు ఇంకా ఇష్టం. 1918 అహ్మదాబాదు మిల్లు కార్మికుల సమ్మెను కేంద్రంగా తీసుకొని, నాడు అందులో పాల్గొన్నవారిలో బ్రతికి ఉన్నవారితో మాట్లాడి వ్రాసినది. పుస్తకం నడుమ ఎరిక్సన్ ఒక్కసారిగా ఆగి, అప్పటికి ఇరవై ఏళ్ల క్రితమే మరణించిన గాంధీజీకి నేరుగా ఉత్తరం వ్రాస్తాడు. సత్యాన్ని, అహింసను బోధించిన మీరు మీ దగ్గరివారి పట్ల, మీ భార్య పట్ల చూపిన కాఠిన్యంలో హింస లేదా అని అడుగుతాడు. రోగి అనలేదు, మహాత్ముడని చేతులూ కట్టుకోలేదు.

అన్నింటికంటే మన దేశంలోనే ఇంకొక అపురూపమైన ఉదాహరణ ఉంది. 1937 నవంబరులో కలకత్తా 'మోడర్న్ రివ్యూ' పత్రికలో చాణక్య అనే పేరుతో జవహర్‌లాల్ నెహ్రూ గురించి ఒక వ్యాసం వచ్చింది. జనసముద్రం మధ్య ఆయన నవ్వు సహజమా, నేర్చుకున్న అభినయమా అని ఆ వ్యాసం అడిగింది. ప్రజాస్వామ్యం మాట్లాడుతున్న ఈ మనిషిలో నియంత కాగల లక్షణాలు అన్నీ ఉన్నాయని, అహంకారం ఇప్పటికే ఎక్కువైందని, ఇతనిని వరుసగా మూడవసారి కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి చేయవద్దని చెప్పింది. వ్రాసినవాడు నెహ్రూయే. తరువాతి ఏడు హరిపుర కాంగ్రెస్‌కు సుభాష్ చంద్రబోస్ అధ్యక్షుడయ్యాడు. ఆ వ్యాసంలో కూడా కొంత ఆత్మప్రదర్శన ఉందని అనుమానించేవారు ఉన్నారు, నేనూ వారిలో ఒకణ్ణి. అయినా అధికారంలో ఉన్న ఏ నాయకుడు ఆ నాలుగు పేజీలు వ్రాయగలడు?

అధికారం మనిషిని మార్చే తీరును బ్రిటన్ మాజీ విదేశాంగ మంత్రి, స్వయంగా వైద్యుడైన డేవిడ్ ఓవెన్, మనోవైద్యుడు జొనాథన్ డేవిడ్‌సన్‌తో కలసి 2009లో 'బ్రెయిన్' అనే వైద్య పత్రికలో చర్చించారు. పదవిలో ఉండగా పుట్టి, పదవి పోగానే సాధారణంగా తగ్గిపోయే ఆ మదానికి వారు పద్నాలుగు లక్షణాలు చెప్పి 'హ్యూబ్రిస్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. అధికారాంతమందు చూడాలి అని మన పెద్దలు ఊరకే అన్నారా?

ఏటిగట్టు (రావులపాలెం)

వకీలు గారి సోవియట్ ఉదాహరణకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒప్పుకుంటాను. కాని గౌతమీతీరం గారు ఇచ్చిన లాంగర్ ఉదాహరణ నా వాదనకే బలం. ప్రభుత్వాలు రహస్యంగా ఈ పని చేస్తూనే ఉన్నాయి. అమెరికా గూఢచార సంస్థలో జెరాల్డ్ పోస్ట్ అనే మనోవైద్యుడు ఇందుకోసం ప్రత్యేకంగా ఒక కేంద్రమే నెలకొల్పాడు. 1978లో క్యాంప్ డేవిడ్ చర్చలకు ముందు ఈజిప్టు అధ్యక్షుడు సాదత్, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్‌ల వ్యక్తిత్వ చిత్రణలను అధ్యక్షుడు కార్టర్‌కు ఆ కేంద్రమే అందించింది. అవి ఉపయోగపడ్డాయని కార్టర్ మెచ్చుకున్నారు. పరాయి దేశాల నాయకులను రాజ్యం చదవవచ్చు గాని, తమ నాయకుణ్ణి పౌరులు చదవకూడదా? తలుపులు మూసుకొని చేస్తే శాస్త్రం, థియేటరులో చేస్తే అపచారమా?

నిదానం (కాకినాడ)

పదునైన ప్రశ్న. పోస్ట్ తయారు చేసిన చిత్రణల పని ఏమిటో చూడండి: సాదత్‌కు చరిత్రలో తన స్థానం గురించి పట్టింపు ఎక్కువ, బెగిన్‌కు ప్రతి పదం మీద, చిన్న వివరం మీద పట్టు ఎక్కువ, కాబట్టి వీరితో ఎలా మాట్లాడితే పని జరుగుతుంది అని చెప్పడం. అదే పోస్ట్ 1990 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ సంఘాల ముందు సద్దాం హుసేన్ గురించి సాక్ష్యం ఇచ్చినప్పుడు, ఆయనను పిచ్చివాడనుకోవడం పొరపాటని, లెక్కలు వేసుకునే రాజకీయ వ్యూహకర్త అని నొక్కి చెప్పాడు. అయితే అక్కడ ఆయన కూడా మాలిగ్నెంట్ నార్సిసిజం అన్న మాట వాడాడు, గోల్డ్‌వాటర్ నియమం విషయమై తన వృత్తి సంఘం నుంచే ప్రశ్నలు ఎదుర్కొన్నాడు. కాబట్టి తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అన్నది కాదు నా కొలత. పౌరులు తమ నాయకుడి నడతను నిరభ్యంతరంగా చదవవచ్చు, చదవాలి కూడా. నా వృత్తి ముద్రను ఆ చదువుకు అరువు అడగవద్దనే నా ప్రార్థన.

రోగనిర్ధారణ ఎంత సాగుతుందో కూడా చెబుతాను. పైన చెప్పిన డేవిడ్‌సన్ బృందమే 2006లో, 1776 నుంచి 1974 వరకు ఉన్న 37 మంది అమెరికా అధ్యక్షుల జీవితచరిత్రలు పరిశీలించి, 18 మందిలో, అంటే 49 శాతం మందిలో మానసిక రుగ్మత ఆనవాళ్లు ఉన్నాయని చెప్పింది. వారిలో లింకన్ ఒకరు. ఆ జాబితాను బట్టి ఎవరికి ఓటు వేయాలో తేల్చుకోగలరా?

పాలకొల్లు పాఠకురాలు

అయితే ఇంకొక ప్రశ్న. రోగం పేరు మనం పెట్టకూడదు, సరే. కాని నిజంగా రోగం ఉంటే ప్రజలకు తెలియాలా, వద్దా? 1919 అక్టోబరులో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్‌కు పక్షవాతం వస్తే, ఆయన భార్య, వైద్యుడు కలసి దాని తీవ్రతను నెలల తరబడి దేశానికి తెలియనివ్వలేదు. మన అభ్యర్థులు అఫిడవిట్‌లో ఆస్తులు వ్రాస్తారు, కేసులు వ్రాస్తారు. ఆరోగ్యం కూడా వ్రాయమంటే తప్పేమిటి?

వశిష్ఠ వకీలు (నరసాపురం)

ప్రస్తుత చట్టం ప్రకారం అడగడానికి వీలు లేదు. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల ఫలితంగా క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వివరాలు ఇవ్వడం తప్పనిసరి అయింది. ఆరోగ్యం అందులో లేదు. పైగా 2017 చట్టం 23వ సెక్షన్ మానసిక చికిత్స వివరాలకు గోప్యత హక్కు ఇచ్చింది. చట్టం మార్చవచ్చు. మార్చితే మంచిదా అన్నది డాక్టరు గారు చెప్పాలి.

నిదానం (కాకినాడ)

నేను వద్దంటాను. 1972లో అమెరికా ఉపాధ్యక్ష అభ్యర్థి థామస్ ఈగల్టన్ గతంలో డిప్రెషన్‌కు ఆసుపత్రిలో చేరి షాక్ చికిత్స తీసుకున్నాడని బయటపడగానే, అభ్యర్థిగా ఎంపికై మూడు వారాలు తిరగక ముందే పోటీ నుంచి తప్పించారు. అది చూసిన ఏ రాజకీయ నాయకుడు మా గుమ్మం తొక్కుతాడు? అఫిడవిట్‌లో ఆ గడి పెడితే చికిత్స తీసుకునేవారు మానేస్తారు, చికిత్స అవసరమని ఒప్పుకోనివారు ఖాళీగా వదిలి గెలుస్తారు. నార్వే ప్రధాని షెల్ మాగ్నే బొన్‌దెవిక్ 1998లో తనకు డిప్రెషన్ అని ప్రజలకు తానే చెప్పి, మూడు వారాలకు పైగా సెలవు తీసుకొని తిరిగి వచ్చి పనిచేశాడు. 2001లో మళ్లీ ప్రధాని అయ్యాడు. ఆయనను ఏ ఫారమూ అడగలేదు.

ఏటిగట్టు (రావులపాలెం)

బొన్‌దెవిక్ తనంతట తాను చెప్పినవాడు. చెప్పనివాడి సంగతి ఏమిటని నేను మొదటి నుంచి అడుగుతున్నాను. విల్సన్ ఇంట్లోవారు దాచినట్లు దాస్తే, వకీలు గారు చెప్పిన కోర్టు దాకా ఆ సంగతి తీసుకువెళ్లేది ఎవరు?

తెరచాటు (భీమవరం)

ఆ ప్రశ్న మీద వేరే చర్చ తెరవమని గౌతమీతీరం గారిని కోరుతున్నాను. వకీలు గారు 25వ సవరణ గురించి, మన దగ్గర అటువంటి ఏర్పాటు లేకపోవడం గురించి కొంచెం వివరంగా వ్రాస్తే బాగుంటుంది. ఈలోగా వచ్చే నెల మెక్‌నమారా చిత్రం చూద్దాం. నిడివి 107 నిమిషాలు, ఒక్క పూటలో అవుతుంది. రైతు గారు ఈసారి భీమవరం తప్పక రావాలి.